అకడమిక్ ఎస్సే: నిర్మాణం, రివిజన్ – తరచుగా అడిగే ప్రశ్నలు

డిగ్రీ, పీజీ స్థాయిలో ఎస్సేలు రాసేవాళ్లు ఎక్కువగా అడిగే ప్రశ్నలివి. ఉదాహరణ లేకుండా నియమాలు చెబితే చదివేటప్పుడు అన్నీ తెలిసినట్టే ఉంటుంది, రాయబోతే ఒక్కటీ గుర్తుకు రాదు. అందుకే ఈ పేజీ మొత్తానికీ ఒకే ఉదాహరణ తీసుకున్నాను: 1854లో లండన్‌లోని సోహో ప్రాంతంలో చెలరేగిన కలరా, దాని కారణం పట్టుకోవడానికి డాక్టర్ జాన్ స్నో చేసిన పని. కలరా చెడుగాలి వల్ల వస్తుందని అప్పట్లో ఎక్కువమంది నమ్మేవారు. స్నో మాత్రం బ్రాడ్ స్ట్రీట్‌లోని వీధి పంపు నీళ్లను అనుమానించాడు, మరణాలు ఎక్కడెక్కడ జరిగాయో మ్యాప్ మీద గుర్తించాడు. మీ సబ్జెక్టు ఏదైనా పద్ధతి ఇదే.

ఎస్సే అంటే టాపిక్ గురించి తెలిసిందంతా రాయడమే కదా?

కాదు. తెలిసిందంతా రాస్తే అది నోట్స్ అవుతుంది. ఎస్సేలో ఒక ప్రశ్న, దానికి మీ జవాబు, ఆ జవాబును ఎందుకు ఒప్పుకోవాలో చూపించే ఆధారాలు ఉండాలి. వీటికి సంబంధం లేనిది ఎంత కష్టపడి సేకరించినా పక్కన పెట్టాల్సిందే. సమాచారం తక్కువై మార్కులు పోయిన ఎస్సేల కంటే, సమాచారం ఎక్కువై అందులో వాదన మునిగిపోయిన ఎస్సేలనే నేను ఎక్కువగా చూశాను.

టాపిక్ చేతికొచ్చింది. మొదట ఏం చేయాలి?

ప్రశ్నలో ఏం చేయమన్నారో చూడండి. "వివరించండి" అంటే ఎలా జరిగిందో, ఎందుకు జరిగిందో చెప్పాలి. "విశ్లేషించండి" అంటే విషయాన్ని విడగొట్టి, ఏ భాగం దేనిమీద ఆధారపడిందో చూపించాలి. "పోల్చండి" అన్నప్పుడు మొదటి సగం ఒకదానికి, రెండో సగం ఇంకోదానికి ఇచ్చి వదిలేస్తే పోల్చే పని చదివేవాళ్ల నెత్తిన పడుతుంది. "ఎంతవరకు అంగీకరిస్తారు?" అని అడిగితే అవును, కాదు అనే రెండింటి మధ్య మీరు గీత ఎక్కడ గీస్తారో చెప్పమని.

ప్రశ్న లేకుండా ఉత్త టాపిక్ ఇస్తే ప్రశ్న మీరే తయారు చేసుకోవాలి. "సోహో కలరా" అనేది టాపిక్. "కలరా నీళ్ల ద్వారా వస్తుందన్న స్నో మాటను అప్పటి అధికారులు ఎందుకు ఒప్పుకోలేదు?" అనేది ప్రశ్న. ఇలాంటి ప్రశ్న ఒకటి కాగితం మీద పెట్టుకోకుండా లైబ్రరీలోకి వెళ్తే ఏది చదవాలో, ఏది వదలాలో తేలదు.

థీసిస్ స్టేట్‌మెంట్ అంటే ఏంటి? నాది సరిగ్గా ఉందో లేదో ఎలా తెలుస్తుంది?

మీ జవాబు ఒకటి రెండు వాక్యాల్లో. అంతకు మించి బ్రహ్మవిద్య ఏం లేదు. అయితే ఇక్కడ తేడా వస్తే మిగతా ఎస్సే ఎంత బాగా రాసినా నిలబడదు, కాబట్టి కాస్త వివరంగా చూద్దాం.

"1854లో సోహోలో కలరా వ్యాపించి వందలమంది చనిపోయారు." ఇది నిజమే. కానీ కాదనేవాళ్లు ఎవరూ లేరు, అందుకే ఇందులో వాదించడానికి ఏమీ లేదు.

"ప్రజారోగ్య చరిత్రలో జాన్ స్నో పాత్ర ఎంతో గొప్పది." ఇది అభిప్రాయంలా కనిపిస్తుంది గానీ పొగడ్త మాత్రమే. ఎందులో గొప్ప, ఎవరితో పోలిస్తే గొప్ప అన్నది లేదు. స్నో పేరు తీసేసి ఇంకే డాక్టర్ పేరు పెట్టినా వాక్యం అలాగే నడుస్తుంది. అలా నడిచిందంటే అది మీ ఎస్సేకి థీసిస్ కాదు.

"స్నో వాదనకు బలమిచ్చింది పంపు చుట్టూ గుంపుగా కనిపించిన మరణాలు కాదు, ఆ గుంపులో ఇమడని మినహాయింపులను ఆయన వివరించగలగడం." ఇది థీసిస్. దీన్ని ఒకరు కాదనవచ్చు. ఏయే మినహాయింపులు అన్న ప్రశ్న వెంటనే పుడుతుంది, దాంతోపాటే ఎస్సే నిర్మాణం కూడా సగం తేలిపోతుంది.

ఇంత పదునైన వాక్యం మొదటిరోజే రాదు. మొదట్లో రాసుకున్నది తాత్కాలికం అనుకుని ముందుకు వెళ్లండి. అసలు థీసిస్ చాలాసార్లు మొదటి డ్రాఫ్ట్ చివరి పేరాలో బయటపడుతుంది, ఎందుకంటే అక్కడికి వచ్చేసరికి మీరేం అనుకుంటున్నారో మీకే తెలిసి ఉంటుంది. ఆ వాక్యాన్ని ఎత్తి ముందుకు తెచ్చుకోండి.

అవుట్‌లైన్ తప్పనిసరా?

కొందరికి రాయకముందు కావాలి, కొందరికి రాశాక కావాలి. ఏదో ఒక దశలో మాత్రం తప్పదు. ముందే వేసుకునేట్టయితే "వర్క్‌హౌస్" (పేదలకు పని, ఆశ్రయం ఇచ్చే ఇల్లు), "మ్యాప్" అని ముక్తసరి పేర్లు రాసుకోవద్దు. "వర్క్‌హౌస్‌లో మరణాలు తక్కువగా ఉండటం చెడుగాలి సిద్ధాంతానికి పొసగదు" అని పూర్తి వాక్యం రాసుకోండి. ఉత్త పేర్లున్న అవుట్‌లైన్ ఎప్పుడూ చక్కగానే కనబడుతుంది, లోపల వాదన లేకపోయినా సరే.

స్కూల్లో ఐదు పేరాల పద్ధతి నేర్పారు. అదే వాడొచ్చా?

ఉపోద్ఘాతం, మూడు పాయింట్లు, ముగింపు. పరీక్ష హాల్లో టైమ్ లేనప్పుడు బాగానే పనికొస్తుంది. రెండు వేల పదాల ఎస్సేకి ఇది చాలదు. అందులోని మూడు పాయింట్లూ ఒకదానికొకటి సంబంధం లేకుండా పక్కపక్కన నిలబడతాయి. రెండో పాయింటును మూడో దాని స్థానంలోకి మార్చినా ఎవరికీ తేడా తెలియదు. గట్టి ఎస్సేలో క్రమం మారిస్తే వాదన తెగిపోవాలి. మూడో పేరా అర్థం కావాలంటే రెండోది చదివి ఉండాలి అన్నట్టు ఉండాలి.

ఉపోద్ఘాతంలో ఏం రాయాలి? అక్కడే గంటలు గడిచిపోతున్నాయి.

అయితే దాన్ని చివర రాయండి. ఇంకా రాయని ఎస్సేకి పరిచయం రాయాలంటే ఎవరికైనా టెన్షనే.

రాసేటప్పుడు "అనాదిగా మానవుడు వ్యాధులతో పోరాడుతూనే ఉన్నాడు" లాంటి మొదళ్లు వద్దు. సృష్టి ఆరంభం నుంచి సోహో వరకు నడిచి వచ్చే ఓపిక చదివేవాళ్లకు ఉండదు. నేరుగా సమస్యలోకి దిగండి. ఉదాహరణకు, "1854 ఆగస్టు చివర్లో సోహోలో కలరా మొదలైనప్పుడు అది చెడుగాలి వల్ల వస్తుందన్నదే అప్పటి బలమైన నమ్మకం. జాన్ స్నో మాత్రం బ్రాడ్ స్ట్రీట్ పంపు నీళ్లను అనుమానించాడు." రెండు వాక్యాల్లో కాలం, చోటు, తగవు మూడూ వచ్చేశాయి. ఇక ప్రశ్న ఏంటో, మీ జవాబేంటో చెప్పేస్తే చాలు. జవాబును సస్పెన్స్‌గా చివరిదాకా దాచాల్సిన పని లేదు.

మంచి పేరా ఎలా ఉంటుంది?

ఒక పేరా ఒక్క పని చేయాలి. మొదటి వాక్యం ఆ పేరా ఏం వాదిస్తోందో చెప్పాలి, ఆ తర్వాత ఆధారం రావాలి, ఆ ఆధారం వాదనను ఎలా నిలబెడుతోందో కూడా చెప్పాలి. ఎక్కువమంది వదిలేసేది ఈ మూడోదాన్నే. వాదన, ఆధారం, ఈ రెండింటినీ కలిపే తర్కం అనే విభజనను 1958లో బ్రిటిష్ తత్వవేత్త స్టీఫెన్ టూల్మిన్ ప్రతిపాదించాడు. వాదన నేర్పే తరగతుల్లో ఇప్పటికీ దాన్నే వాడుతుంటారు.

డ్రాఫ్టుల్లో మామూలుగా కనిపించే పేరా ఇలా ఉంటుంది:

"పోలండ్ స్ట్రీట్‌లో ఒక వర్క్‌హౌస్ ఉండేది. అందులో 535 మంది ఉండేవారు. వారిలో ఐదుగురు కలరాతో చనిపోయారు. బ్రాడ్ స్ట్రీట్‌లో ఒక బ్రూవరీ (బీరు తయారుచేసే చోటు) కూడా ఉండేది. అక్కడి పనివాళ్లెవరూ కలరాతో చనిపోలేదు. హ్యాంప్‌స్టెడ్‌లో ఒక వితంతువు చనిపోయింది. వీటన్నిటినీ స్నో గమనించాడు."

ఇందులో ఏ వాక్యమూ తప్పు కాదు. కానీ చదివాక "అయితే ఏంటి?" అనిపిస్తుంది. అదే సమాచారం పని చేస్తే ఇలా ఉంటుంది:

"పంపు పక్కనే ఉండి బతికినవాళ్లే స్నో వాదనకు అసలు పరీక్ష. కలరాకు కారణం గాలే అయితే, చుట్టుపక్కల ఇళ్లతో పాటు పోలండ్ స్ట్రీట్ వర్క్‌హౌస్ కూడా దెబ్బతినాలి. అక్కడ 535 మందిలో చనిపోయింది ఐదుగురే. ఆ వర్క్‌హౌస్‌కు సొంత బావి ఉంది. బ్రాడ్ స్ట్రీట్ బ్రూవరీలో 70 మందికి పైగా పనిచేసినా ఒక్కరూ కలరాతో చనిపోలేదు. వాళ్లు తాగేది బీరు, పైగా అక్కడా సొంత బావి ఉంది. వీళ్లందరూ పీల్చిన గాలి ఆ వీధిదే, తాగింది మాత్రం ఆ పంపు నీళ్లు కాదు. గాలి సిద్ధాంతం ఈ తేడాను వివరించలేదు, నీళ్ల సిద్ధాంతం వివరించగలదు."

వితంతువు మాయమైంది, గమనించారా? ఆమె కథ దీనికి తలకిందులు. దూరాన హ్యాంప్‌స్టెడ్‌లో ఉంటూ, బ్రాడ్ స్ట్రీట్ నీళ్ల రుచి ఇష్టమై తెప్పించుకుని తాగింది, కలరాతో చనిపోయింది. దగ్గరుండి బతికినవాళ్లది ఒక పేరా, దూరంగా ఉండి చనిపోయినామెది తర్వాతి పేరా. రెండూ ఒకేచోట కుక్కితే ఆ ఎదురుబొదురు బలం పోతుంది.

పేరా పొడవు ఎంతుండాలని అడిగితే లెక్క చెప్పలేను. పేజీ దాటిందంటే అందులో రెండు పేరాలు దాక్కుని ఉంటాయి. రెండు వాక్యాలకే అయిపోయిందంటే ఆధారమో, తర్కమో ఎగిరిపోయి ఉంటుంది.

నా వాదనకు వ్యతిరేకంగా ఉన్నవి కూడా రాయాలా? నా ఎస్సేని నేనే పలచన చేసుకున్నట్టు కాదా?

రాయాలి. రాయకపోతే చదివే టీచర్‌కు అవి ఎలాగూ గుర్తొస్తాయి, మీకు తెలియవేమో అనుకుంటారు. బలహీనమైన అభ్యంతరాన్ని తెచ్చి చిత్తు చేయడం వల్ల లాభం లేదు. ఉన్నవాటిలో గట్టిదాన్ని ఎంచుకోండి.

మన ఉదాహరణలో గట్టి అభ్యంతరం పంపు పిడి దగ్గరే ఉంది. సెప్టెంబర్ 8న ఎవరూ నీళ్లు కొట్టుకోకుండా పంపు పిడి తీసేశారు, కలరా ఆగిపోయింది అని చాలామంది చెబుతారు. కానీ జనం ఆ ప్రాంతం వదిలి వెళ్లిపోవడంతో అప్పటికే కేసులు బాగా తగ్గాయి, ఆ మాట స్నో స్వయంగా ఒప్పుకున్నాడు. అంటే "పిడి తీశాక తగ్గింది కాబట్టి నీళ్లే కారణం" అన్న వాదన నిలవదు. దీన్ని దాచి రాసిన ఎస్సే కూలిపోతుంది. "పిడి కథ ఆధారంగా పనికిరాదు, అందుకే మినహాయింపులే ముఖ్యం" అని రాసిన ఎస్సేకి అదే అభ్యంతరం దన్నుగా నిలుస్తుంది.

ఒప్పుకోవాల్సినంత ఒప్పుకోండి. 1855లో ప్రభుత్వ ఆరోగ్య బోర్డు వేసిన విచారణ కమిటీ కూడా స్నో వాదనను తిరస్కరించింది. వాళ్లు మూర్ఖులు కాబట్టి తిరస్కరించారని రాస్తే తేలిపోతుంది. ఎస్సేలో ఎక్కడ పెట్టాలంటే, అభ్యంతరం చదివేవాళ్ల మనసులో పుట్టే చోట. ముగింపుకు ముందు దానికో ప్రత్యేక గది కట్టాలన్న రూలేమీ లేదు.

కొటేషన్లు ఎన్ని వాడొచ్చు?

రచయిత వాడిన మాటలే మీ చర్చకు విషయమైనప్పుడు కొటేషన్ వాడండి. సమాచారం మాత్రమే కావాలంటే మీ మాటల్లో చెప్పి మూలం ఇవ్వండి. మీ మాటల్లో చెప్పినా మూలం ఇవ్వాల్సిందే, ఈ ఒక్క విషయంలో చాలామంది ప్లేజియరిజం (ఇతరుల రాతను తమదిగా చూపించడం) కేసుల్లో ఇరుక్కుంటారు. ప్రతి కొటేషన్ తర్వాత అందులో ఏం చూడాలో మీరు ఒక మాట అనాలి. కొటేషన్‌తో పేరా ముగిసిందంటే ఆఖరి మాట ఇంకొకరికి అప్పగించినట్టే.

పొడవైన కొటేషన్‌ను విడి పేరాగా లోపలికి జరిపి పెట్టే లెక్క, మూలాలు ఇవ్వడానికి మీరు వాడే స్టైల్‌ను బట్టి మారుతుంది: ఏపీఏలో 40 పదాలు లేదా అంతకంటే ఎక్కువ, ఎంఎల్ఏలో వచనమైతే నాలుగు లైన్లు దాటినప్పుడు, చికాగోలో సుమారు 100 పదాల నుంచి. మీ డిపార్ట్‌మెంట్ ఏది వాడమంటే అది వాడండి. ఏది మంచిదన్న చర్చకు అంతులేదు.

"నేను" అని రాయవచ్చా?

చాలా సబ్జెక్టుల్లో ఇప్పుడు పర్వాలేదు. "ఈ ఎస్సేలో నేను వాదించేది" అంటే సూటిగా ఉంటుంది. "నాకు అనిపిస్తోంది" మాత్రం వద్దు, అనిపించడం ఆధారం కాదు కదా.

ముగింపులో కొత్త విషయం చెప్పకూడదంటారు, చెప్పిందే చెప్పకూడదనీ అంటారు. మరేం రాయాలి?

కొత్త ఆధారం వద్దు, కొత్త ఆలోచన ఉండొచ్చు. మీ వాదన నిజమైతే దాని పర్యవసానం ఏంటో రాయండి. మన ఎస్సేలో అయితే: ఒక సిద్ధాంతం దానికి సరిపోయే కేసుల వల్ల కంటే సరిపోనట్టు కనిపించే కేసుల వల్లే గట్టిపడుతుందంటే, మ్యాపులను, గ్రాఫులను మనం చదివే పద్ధతి కూడా మారాలి. ఒక అడుగు బయటికి వేస్తే చాలు. ప్రపంచశాంతి దాకా వెళ్లక్కర్లేదు.

రివిజన్ అంటే స్పెల్లింగ్ తప్పులు దిద్దుకోవడమే కదా?

అది ప్రూఫ్‌రీడింగ్, ఆఖరి మెట్టు. రివిజన్ అంటే రాసింది మళ్లీ చూసి వాదనను, క్రమాన్ని, పేరాలను మార్చడం. ముందు పెద్దవి, తర్వాత చిన్నవి. క్రమం తప్పితే ఏమవుతుందంటే, ఒక పేరాలో కామాలు, వాక్యాలు గంటసేపు చెక్కుతారు, మరుసటిరోజు ఆ పేరా మొత్తం అనవసరమని తేలుతుంది. అంతకంటే ఘోరం, అంత చెక్కాక దాన్ని తీసేయడానికి చేతులు రావు.

నాకు అన్నిటికంటే పనికొచ్చిన పద్ధతి రివర్స్ అవుట్‌లైన్. డ్రాఫ్ట్ పూర్తయ్యాక ఒక తెల్లకాగితం తీసుకుని, ప్రతి పేరా ఏం వాదిస్తోందో ఒక్క వాక్యంలో రాయండి. రాయాలనుకున్నది కాదు, నిజంగా అక్కడున్నది. అలా రాస్తే ఇలాంటి జాబితా వస్తుంది:

ఒకటి, చెడుగాలి నమ్మకం, స్నో అనుమానం, థీసిస్. రెండు, స్నో 1813లో యార్క్‌లో పుట్టాడు, 1853లో విక్టోరియా రాణి ప్రసవానికి క్లోరోఫాం అనే మత్తుమందు ఇచ్చాడు. మూడు, పంపు చుట్టూ మరణాలు. నాలుగు, వర్క్‌హౌస్, బ్రూవరీ. ఐదు, మ్యాప్ గురించి, మళ్లీ పంపు చుట్టూ మరణాలు. ఆరు, పిడి. ఏడు, హ్యాంప్‌స్టెడ్ వితంతువు.

ఇప్పుడు జబ్బు కంటికి కనిపిస్తుంది. రెండో పేరాకు థీసిస్‌తో సంబంధం లేదు. రాణిగారి క్లోరోఫాం చదవడానికి బాగుంటుంది, అందుకే వదలబుద్ధి కాదు, అయినా పోవాల్సిందే. మూడు, ఐదు ఒకటే విషయం, కలిపేయాలి. ఏడోది నాలుగో దాని పక్కకు రావాలి. పిడి అభ్యంతరం వీటి తర్వాత వస్తే దానికి జవాబు ముందే సిద్ధంగా ఉంటుంది. ఇంతసేపూ ఒక్క వాక్యం కూడా దిద్దలేదు, ఎస్సే మాత్రం మారిపోయింది.

ఇది అయ్యాక పేరాల మొదటి వాక్యాలు మాత్రమే వరసగా చదవండి. వాదన అర్థమవ్వాలి. ఎక్కడ "దీనితో పాటు", "మరొక విషయం" అని మొదలవుతుందో అక్కడ ఆగి చూడండి. ఆ చోట లింకు లేదు, లింకు ఉన్నట్టు నటన ఉంది. "అయితే", "అందువల్ల", "అయినప్పటికీ" అన్న మాటలు నిజాయితీగా వాడగలిగితే అక్కడ తర్కం ఉన్నట్టు.

వాక్యాల స్థాయిలో ఏం చూసుకోవాలి?

గట్టిగా పైకి చదవండి. ఊపిరి అందని చోట వాక్యం విరగాలి. బరువుగా రాస్తేనే అకడమిక్ అనే భ్రమ ఒకటుంది. "స్నో చేత చేయబడిన పరిశోధన యొక్క ప్రాముఖ్యత అనేది అనేకమంది పండితుల చేత గుర్తించబడింది." దీన్ని "స్నో పరిశోధన ఎంత ముఖ్యమో చాలామంది పండితులు గుర్తించారు" అంటే సరిపోతుంది. ఇలా తేలిక చేయగానే ఇంకో సంగతి బయటపడుతుంది: ఏ పండితులు? ఎప్పుడు? బరువైన వాక్యం కింద ఆ ఖాళీ దాక్కుని ఉంది.

ఇంకొకటి, ఆధారం ఎంత చెబితే అంతే అనండి. "నీళ్లే కారణమని స్నో మ్యాప్ నిరూపించింది" అన్నది అతి. క్రిమిని చూపించి నిరూపించే స్థితిలో స్నో లేడు. రాబర్ట్ కోఖ్ కలరా క్రిమిని గుర్తించింది 1883–84లో, స్నో 1858లోనే చనిపోయాడు. "బలంగా సూచించింది" అంటే మీ మాట మీద నమ్మకం పెరుగుతుంది. అలాగని ప్రతి వాక్యంలో "బహుశా", "కావచ్చు" చల్లుకుంటూ పోతే మీకే నమ్మకం లేదనుకుంటారు.

పదాల పరిమితి దాటిపోయింది. ఏం తీసేయాలి?

ప్రతి వాక్యంలో ఒక పదం గిల్లుకుంటూ పోకండి. రివర్స్ అవుట్‌లైన్ చూసి ఒక పేరా మొత్తం తీయండి. తీసినదాన్ని వేరే ఫైల్లో దాచుకుంటే తీయడం సులువవుతుంది, తిరిగి తెచ్చుకునేవాళ్లు తక్కువే.

రేపే సబ్మిట్ చేయాలి. ఒక్కసారి చూసే టైమే ఉంది.

థీసిస్, ముగింపు పక్కపక్కన పెట్టి రెండూ ఒకే మాట అంటున్నాయో లేదో చూడండి. తర్వాత పేరాల మొదటి వాక్యాలు. తర్వాత మూలాలన్నీ ఇచ్చారో లేదో. ఇక పడుకోండి.

ఫ్రెండ్‌కి చూపిస్తే "బాగుంది" అంటారు. ఉపయోగం ఏంటి?

"ఎలా ఉంది?" అని అడిగితే జవాబు అదే వస్తుంది. చదివించాక పేపర్ వెనక్కి తీసుకుని "నా వాదన ఏంటో ఒక్క వాక్యంలో చెప్పు" అనండి. చెప్పలేకపోతే లోపం ఫ్రెండ్‌ది కాదు. ఎక్కడ విసుగొచ్చిందో, ఎక్కడ వెనక్కి వెళ్లి మళ్లీ చదవాల్సి వచ్చిందో గీత పెట్టమనండి. దాన్నెలా బాగుచేయాలో వాళ్లను అడగొద్దు, అది మీ పని.

చాట్‌జీపీటీ లాంటివి వాడొచ్చా?

ముందు మీ కోర్సు నియమాలు చూడండి, ఒక్కోచోట ఒక్కోలా ఉన్నాయి. అనుమతి ఉన్నా మూలాల విషయంలో నమ్మొద్దు. ఒక్కోసారి అసలు లేని పుస్తకాలను, వ్యాసాలను ఉన్నట్టే పేర్లతో సహా ఇస్తాయి. ప్రతి మూలాన్నీ మీరే తెరిచి చూడాలి. అభ్యంతరాలు లేవనెత్తమని అడగడం లాంటివి పనికొస్తాయి. రాసిపెట్టమంటే మాత్రం మీరేం అనుకుంటున్నారో కనిపెట్టే అవకాశం మీకు మిగలదు.

"ఇంకా విశ్లేషణ కావాలి" అని కామెంట్ వచ్చింది. అంటే ఏం చేయాలి?

దాదాపు ఎప్పుడూ దానర్థం ఒకటే: ఆధారం పెట్టారు, దాన్నుంచి మీ వాదనకు దారి చూపలేదు. కామెంట్ ఉన్న పేరాలో ఆఖరి ఆధారం ఎక్కడుందో వెతకండి. దాని పక్కన "ఇది నిజమైతే, దీన్నిబట్టి..." అని రాసి వాక్యం పూర్తి చేయండి. పూర్తయితే ఆ పేరాలో లేనిది అదే, "ఇది నిజమైతే" అన్న ముక్క చెరిపి మిగతాది ఉంచుకోండి. ఎంత ప్రయత్నించినా పూర్తి కాకపోతే ఆ ఆధారం ఈ పేరాది కాదు, ఇంకెక్కడికైనా వెళ్లాలి. అదే కామెంట్ మూడు నాలుగు పేరాల దగ్గర కనిపిస్తే పేరాలను వదిలేసి థీసిస్ దగ్గరికి వెళ్లండి. అక్కడున్నది వాదించాల్సిన మాట కాకుండా అందరూ ఒప్పుకునే వాస్తవమే అయ్యుంటుంది.